పాత సిస్టమ్‌కి కొత్త పార్టులా, కొత్త సిస్టమ్‌లో పాత పార్టులా?

మొన్న మా చెల్లెలు ఫోన్ చేసింది. "అన్నయ్యా, సిస్టమ్ ఆన్ చేశాక పది నిమిషాల దాకా ఏది నొక్కినా తెరుచుకోవడం లేదు. దీన్ని పక్కన పెట్టేసి కొత్తది తీసుకోమంటావా, లేక ఏమైనా మారిస్తే సరిపోతుందా?" ఇంటెల్ ఎనిమిదో తరం ఐ5 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్ ఉన్న సిస్టమ్ అది. ఏడెనిమిదేళ్లుగా రోజూ వాడుతోంది.

"టాస్క్ మేనేజర్ తెరిచి చూడమ్మా. డిస్క్ దగ్గర ఎంత చూపిస్తోంది?"

"వంద శాతం. అక్కడే ఉండిపోయింది."

"ప్రాసెసర్?"

"పన్నెండు."

నాకు కావలసిన జవాబు ఆ రెండు అంకెల్లోనే దొరికింది. ప్రాసెసర్ ఖాళీగా కూర్చుంది, డిస్క్ ఊపిరాడక కొట్టుకుంటోంది. ఇలాంటి సిస్టమ్‌ని మొత్తం మార్చేయడమంటే గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తడమే. అలాగని నెమ్మదించిన ప్రతి సిస్టమ్‌కీ అదే మందు పనిచేయదు. డిస్క్ ఖాళీగా ఉండి ప్రాసెసర్ వంద శాతం దగ్గర ఆగిపోతే అది వేరే జబ్బు. మెమరీ తొంభై శాతం దాటి ఉంటే ఇంకో జబ్బు. అందుకే ఎవరు అడిగినా ముందు అడిగే ప్రశ్న ఇదే: మీరు చిరాకు పడే ఆ క్షణంలో టాస్క్ మేనేజర్ ఏం చూపిస్తోంది?

సిస్టమ్ పాతబడినప్పుడు మన ముందు నాలుగు దారులుంటాయి. ఉన్నదాంట్లోనే డిస్క్, ర్యామ్ మార్చుకోవచ్చు. అదే మదర్‌బోర్డు మీద ఇంకాస్త గట్టి ప్రాసెసర్ పెట్టుకోవచ్చు. బోర్డు, ప్రాసెసర్, ర్యామ్ మూడూ కొత్తవి తెచ్చి మిగతావి పాతవే వాడుకోవచ్చు. లేదా అన్నీ కొత్తవే కొనుక్కోవచ్చు. ఏ దారిలో వెళ్లినా కొన్ని పాత పార్టులు మిగులుతాయి, కొన్ని మళ్లీ పనికొస్తాయి. ఇంట్లోనూ చుట్టాల ఇళ్లలోనూ ఏళ్ల తరబడి సిస్టమ్‌లు విప్పి బిగించాక నాకు ఒక కొలత కుదిరింది. పాత పార్టు వాడాలా వద్దా అన్నది నేను దాని వయసును బట్టి తేల్చను. అది పాడైతే తనతో పాటు ఇంకేం పట్టుకుపోతుందో చూస్తాను. క్యాబినెట్ ఫ్యాన్ పాడైతే ఆ ఫ్యానే పోతుంది. అన్ని పార్టులకూ కరెంటు పంపే ఎస్ఎంపీఎస్ (పవర్ సప్లై) పాడైతే బోర్డు నుంచి డిస్క్ దాకా ఏదైనా పోవచ్చు. కింద చెప్పేదంతా ఈ కొలత పట్టుకునే చెబుతున్నాను.

ముందు డిస్క్, తర్వాత ర్యామ్

హార్డ్ డిస్క్ ఎందుకంత నెమ్మదో ఒకసారి లెక్క వేసి చూడండి. నిమిషానికి 7,200 సార్లు తిరిగే పళ్లెం సగం చుట్టు తిరగడానికి 4 మిల్లీసెకన్లకు పైగా పడుతుంది. పళ్లెం మీద రాసింది చదివే హెడ్ సరైన వరుస మీదికి జరగడానికి మరో 8, 9 మిల్లీసెకన్లు. అంటే అక్కడొకటి ఇక్కడొకటి ఉన్న చిన్న చిన్న ఫైళ్లను సెకనుకు 80 దాకా మాత్రమే చదవగలదు. విండోస్ లేచేటప్పుడు కావలసినవి వేల కొద్దీ అలాంటి ముక్కలే. చిప్పుల్లోనే ఫైళ్లు దాచే ఎస్ఎస్‌డీలో తిరిగేది, జరిగేది ఏదీ లేదు కాబట్టి అదే పని సెకనుకు వేలల్లో చేసేస్తుంది. పదేళ్ల నాటి సిస్టమ్‌లో కూడా హార్డ్ డిస్క్ తీసి ఎస్ఎస్‌డీ పెడితే వచ్చే మార్పు ఇంకే పార్టు మార్చినా రాదు. విండోస్ ఇంకా హార్డ్ డిస్క్ మీదే నడుస్తుంటే, మిగతా ఎంపికలన్నీ ఆ తర్వాతే.

ఇక పాత హార్డ్ డిస్క్ దారిలోనే నడిచే సాటా ఎస్ఎస్‌డీనా, బోర్డు మీది పీసీఐఈ అనే వేగమైన దారిలో నడిచే ఎన్‌వీఎంఈనా? సాటాది సెకనుకు దాదాపు 550 ఎంబీ దగ్గర ఆగుతుంది. పీసీఐఈ 3.0 ఎన్‌వీఎంఈ 3,500 ఎంబీ దాకా, 4.0 అయితే 7,000 ఎంబీ దాకా వెళ్తుంది. అంకెలు చూస్తే ఆరేడు రెట్లు, పది రెట్ల పైన తేడా. కానీ బ్రౌజర్, డాక్యుమెంట్లు, పిల్లల చదువు, సినిమాలు, ఇలాంటి పనుల్లో ఆ తేడా కంటికి ఆనదు. పెద్ద వీడియో ఫైళ్లు ఎడిట్ చేసేవాళ్లకు, పదుల జీబీలు రోజూ అటూ ఇటూ కాపీ చేసేవాళ్లకు మాత్రం బాగా తెలుస్తుంది. కొత్త సిస్టమ్ కడుతుంటే కళ్లు మూసుకుని ఎన్‌వీఎంఈ తీసుకోండి. పాతదానికి అయితే సాటా ఎస్ఎస్‌డీ చాలు.

ఇక్కడ చాలామంది తడబడే చోటు ఒకటుంది. బోర్డు మీద ఎస్ఎస్‌డీ పెట్టే సన్నని ఎం.2 స్లాట్ ఉంది కదా అని ఏ ఎం.2 డిస్క్ పడితే అది కొనేస్తారు. ఎం.2 అన్నది ఆకారం పేరు మాత్రమే. పాత బోర్డుల్లో కొన్ని స్లాట్లు సాటా డిస్కులనే తీసుకుంటాయి, కొన్ని ఎన్‌వీఎంఈనే, కొన్ని రెండిటినీ. డిస్క్ చక్కగా లోపలికి వెళ్తుంది, స్క్రూ కూడా బిగుస్తుంది, విండోస్ కంటే ముందే లేచే బోర్డు సొంత సాఫ్ట్‌వేర్ బయోస్‌లో మాత్రం కనబడదు. బోర్డు మాన్యువల్‌లో ఆ స్లాట్ గురించిన రెండు లైన్లు చదివాకే కొనండి. అదే పేజీలో ఇంకో విషయం కూడా ఉంటుంది: చాలా బోర్డుల్లో ఎం.2 వాడితే ఒక సాటా పోర్టు ఆగిపోతుంది. ఎస్ఎస్‌డీ పెట్టగానే పాత హార్డ్ డిస్క్ చచ్చిపోయిందని కంగారు పడేవాళ్లలో ఎక్కువ మందికి జరిగేది ఇదే. డిస్క్ కేబుల్‌ని పక్క పోర్టులోకి మారిస్తే మళ్లీ కనబడుతుంది.

తీసేసిన హార్డ్ డిస్క్‌ని రెండో డిస్క్‌గా ఉంచుకోవచ్చా? ఇది పాడైతే బోర్డుకేమీ కాదు కానీ మీ ఫొటోలు పోతాయి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో దాని స్మార్ట్ వివరాలు (డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్కలు) తెరవండి. రీఅలొకేటెడ్ సెక్టార్లు, కరెంట్ పెండింగ్ సెక్టార్లు అన్న రెండు వరుసల్లో సున్నా ఉంటే, ఇంకో చోట కాపీ ఉన్న ఫైళ్లకు నిశ్చింతగా వాడండి. పెండింగ్ సెక్టార్లు కనబడుతున్నా, వారం వారం అంకె పెరుగుతున్నా ఆ డిస్క్‌తో ఇక మీ పని కాపీ తీసుకోవడం వరకే.

ర్యామ్ దగ్గరికొస్తే, మా చెల్లెలి సిస్టమ్‌లో రెండు స్లాట్లుంటే ఒకదాంట్లోనే 8 జీబీ స్టిక్ ఉంది. నా అట్టపెట్టెలో 4 జీబీవి రెండున్నాయి. పైనుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి, అదే పొడుగు, అదే ఆకుపచ్చ రంగు. పక్కపక్కన పెట్టి బంగారు రంగు అంచు చూస్తే తెలుస్తుంది. ర్యామ్ తరాల్లో డీడీఆర్3కి 240 పిన్నులు, డీడీఆర్4కి 288. మధ్యలో గాడి కూడా కొంచెం పక్కకి జరిగి ఉంటుంది. డీడీఆర్4 అంచు మధ్యకి వచ్చేసరికి కాస్త కిందికి వంగుతుంది. డీడీఆర్5కి కూడా 288 పిన్నులే కానీ గాడి ఇంకో చోట. బలవంతంగా నొక్కితే స్లాట్ పగులుతుంది తప్ప లోపలికి వెళ్లదు. రెండిట్లో ఒకటే డీడీఆర్4 అని తేలింది, దాన్నే పెట్టాను. మొత్తం 12 జీబీ అయింది. వేగం వేరు వేరుగా ఉన్న స్టిక్కులు కలిపితే రెండూ తక్కువ వేగానికే నడుస్తాయి. దాని వల్ల పెద్దగా నష్టం లేదు. ఒకే స్టిక్ స్థానంలో రెండు ఉండటం వల్ల వచ్చే డ్యూయల్ చానెల్ (రెండిటినీ ఒకేసారి వాడుకోవడం) లాభం, ముఖ్యంగా ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ మీదే నడిచే సిస్టమ్‌కి, దానికంటే ఎక్కువ.

పాత ర్యామ్ పెట్టేముందు రాత్రంతా మెమ్‌టెస్ట్86 అనే ర్యామ్ పరీక్ష నడపండి. నా కొలత ప్రకారం ర్యామ్ మోసకారి పార్టు. అది పూర్తిగా పోతే నయం, సిస్టమ్ ఆన్ అవదు, మనకు తెలిసిపోతుంది. కొద్దిగా పాడైతే మాత్రం మీరు సేవ్ చేసే ఫైళ్లలో ఒక అక్షరం ఇక్కడ, ఒక చుక్క అక్కడ మార్చుకుంటూ పోతుంది. టెస్ట్‌లో ఒక్క తప్పు వచ్చినా ఆ స్టిక్‌ని పక్కన పెట్టేయండి. పాసైన స్టిక్‌ని మాత్రం జాగ్రత్తగా దాచుకోండి. 2025 చివరి నుంచి ఏఐ డేటా సెంటర్ల గిరాకీ వల్ల మెమరీ ధరలు ప్రపంచమంతటా బాగా పెరిగాయి. పెట్టెలో పడి ఉన్న మంచి డీడీఆర్4 జత ఇప్పుడు మీ ఎంపికనే మార్చగలదు. ఎలాగో కాసేపట్లో చెబుతాను.

అదే బోర్డు మీద కొత్త ప్రాసెసర్

ఈ దారి అందరికీ ఉండదు. ఉన్నవాళ్లకు మాత్రం చాలా మంచి దారి. బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటే సాకెట్. ఏఎండీ ఏఎం4 సాకెట్ బోర్డు ఉంటే మీరు అదృష్టవంతులు. 2017లో ఏఎండీ మొదటి రైజెన్ ప్రాసెసర్లు వచ్చిన ఆ సాకెట్ మీదే 2020లో రైజెన్ 5000 సిరీస్, 2022 ఏప్రిల్‌లో 5800ఎక్స్3డీ వచ్చాయి. 2017 నాటి బోర్డులకు కూడా చాలా కంపెనీలు ఆ ప్రాసెసర్ల కోసం బయోస్ అప్‌డేట్లు ఇచ్చాయి. మొదటి తరం రైజెన్ నడిచిన బోర్డు మీద, అదే ర్యామ్‌తో, 65 వాట్ల రైజెన్ 5600 పెడితే వేరే సిస్టమ్ అన్నంత తేడా కనిపిస్తుంది. బోర్డు తియ్యాల్సిన పని లేదు.

ఇంటెల్‌లో ఒక సాకెట్ ఆయుష్షు మామూలుగా రెండు తరాలే. ఎల్‌జీఏ1151 అనే సాకెట్ విషయంలో ఇంకో మెలిక ఉంది. ఆరు, ఏడు తరాలకూ ఎనిమిది, తొమ్మిది తరాలకూ సాకెట్ పేరు అదే, కానీ 100, 200 సిరీస్ చిప్‌సెట్ బోర్డుల మీద ఎనిమిదో తరం ప్రాసెసర్ నడవదు. కూర్చుంటుంది, లేవదు. ఎల్‌జీఏ1700 మాత్రం 12, 13, 14 తరాలు మూడిటినీ తీసుకుంటుంది. వాడిన 13, 14 తరాల ఐ7, ఐ9 కొనేటప్పుడు మాత్రం జాగ్రత్త. అధిక వోల్టేజీ వల్ల వాటిలో కొన్ని అస్థిరంగా మారుతున్నాయని 2024లో ఇంటెల్ ఒప్పుకుని మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి సాఫ్ట్‌వేర్) సవరణలు ఇచ్చింది. ఆ సవరణ ఇకముందు పాడవకుండా ఆపుతుంది, అప్పటికే దెబ్బతిన్న ప్రాసెసర్‌ని బాగు చేయదు.

క్రమం తప్పకండి: పాత ప్రాసెసర్ ఉండగానే బయోస్ అప్‌డేట్ చేయాలి, ఆ తర్వాతే దాన్ని తీయాలి. ముందే తీసేస్తే కొత్త ప్రాసెసర్‌ని బోర్డు గుర్తుపట్టదు, తెర మీద ఏమీ రాదు. అప్‌డేట్ మధ్యలో కరెంటు పోకూడదు కాబట్టి యూపీఎస్ మీద చేయడం మేలు.

ఏఎం4 ప్రాసెసర్ తీసేటప్పుడు జరిగే ప్రమాదం ఒకటి చూపిస్తాను. ఈ ప్రాసెసర్ల పిన్నులు ప్రాసెసర్ కిందే ఉంటాయి. ప్రాసెసర్‌కీ, దాన్ని చల్లబరిచే హీట్‌సింక్‌కీ మధ్య ఏళ్ల తరబడి ఉన్న థర్మల్ పేస్ట్ ఎండి జిగురులా పట్టేస్తుంది. క్లిప్పు విప్పి హీట్‌సింక్‌ని నిటారుగా పైకి లాగితే, లాక్ వేసి ఉన్న సాకెట్‌లోంచి ప్రాసెసర్ కూడా దానితో పాటే ఊడి వస్తుంది. వందల పిన్నుల్లో మూడో నాలుగో ఒరిగిపోతాయి. నాకు ఇది జరిగింది. మెకానికల్ పెన్సిల్ లెడ్ తీసేసి, ఆ బోలు మొన ఒక్కో పిన్ను మీద తొడిగి, ఊపిరి బిగబట్టి ఒక్కొక్కటే నిలబెట్టాను. గంటన్నర పట్టింది. అప్పట్నుంచి ఏ ఏఎం4 సిస్టమ్ విప్పినా ముందు పది నిమిషాలు ఏదైనా బరువైన పని నడిపి ప్రాసెసర్‌ని వేడెక్కిస్తాను, పేస్ట్ మెత్తబడుతుంది. తర్వాత పవర్ తీసేసి, హీట్‌సింక్‌ని కుడికీ ఎడమకీ నెమ్మదిగా తిప్పుతాను. పట్టు వదిలిందని చేతికి తెలుస్తుంది. అప్పుడే పైకి ఎత్తాలి.

బోర్డు, ప్రాసెసర్, ర్యామ్ మూడూ మార్చాల్సి వస్తే

ఇక్కడే పెట్టెలో ఉన్న ర్యామ్ మాట వస్తుంది. ఏఎం4 తర్వాత వచ్చిన ఏఎండీ సాకెట్ ఏఎం5. ఆ బోర్డులు డీడీఆర్5నే తీసుకుంటాయి. ఎల్‌జీఏ1700లో డీడీఆర్4 బోర్డులు వేరు, డీడీఆర్5 బోర్డులు వేరు. మీ దగ్గర 16 జీబీవి రెండు మంచి డీడీఆర్4 స్టిక్కులుంటే, ఎల్‌జీఏ1700 డీడీఆర్4 బోర్డు మీద 12వ తరం ఐ5 పెట్టుకోవడం ఇవాళ్టికి తెలివైన పని. ఇంట్లో మామూలు వాడకానికి అది ఇంకా చాలా ఏళ్లు వస్తుంది. మీ దగ్గర పాత డీడీఆర్3 తప్ప ఏమీ లేకపోతే, లేదా మూడు నాలుగేళ్ల తర్వాత ప్రాసెసర్ ఒక్కటే మార్చుకునే వీలు కావాలనుకుంటే ఏఎం5 వైపు వెళ్లండి. 2022లో వచ్చిన ఆ సాకెట్‌ని కనీసం 2027 దాకా కొనసాగిస్తామని ఏఎండీ చెప్పింది. ఎల్‌జీఏ1700లో కొత్త తరాలకు ఇక దారి లేదు. తర్వాతి ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లు ఎల్‌జీఏ1851కి మారిపోయాయి.

పాత హీట్‌సింక్ మళ్లీ వాడొచ్చా అంటే, ఏఎం4 నుంచి ఏఎం5కి చాలావరకు అలాగే పడుతుంది. ఇంటెల్‌లో ఎల్‌జీఏ1200 దాకా బోర్డు రంధ్రాల మధ్య దూరం 75 మిల్లీమీటర్లు, 1700లో 78. మూడు మిల్లీమీటర్లే కదా అని పాత బ్రాకెట్‌ని సాగదీసి బిగించకండి. మంచి కూలర్ కంపెనీలు బ్రాకెట్ విడిగా ఇస్తాయి.

బోర్డు మార్చే ముందు రోజు రాత్రి చేయాల్సిన పనులు రెండున్నాయి. డిస్క్ బిట్‌లాకర్ అనే విండోస్ తాళంతో లాక్ అయి ఉందేమో చూసి, ఉంటే రికవరీ కీ కాగితం మీద రాసుకోండి. చాలా సిస్టమ్‌లలో మనం అడగకుండానే అది ఆన్ అయి ఉంటుంది. బోర్డు మారగానే విండోస్ ఆ 48 అంకెల కీ అడుగుతుంది. అది లేకపోతే డిస్క్‌లో ఉన్నదేదీ తిరిగి రాదు. రెండోది, మీ విండోస్ లైసెన్స్ ఏ రకమో చూసుకోండి. కంపెనీ సిస్టమ్‌తో వచ్చిన ఓఈఎం లైసెన్స్ ఆ బోర్డుకే ముడిపడి ఉంటుంది. విడిగా కొన్న రిటైల్ లైసెన్స్ మాత్రం కొత్త బోర్డుకి మార్చుకోవచ్చు.

పాత ఎస్ఎంపీఎస్ గురించి గట్టిగా చెప్పాలి

క్యాబినెట్, ఫ్యాన్లు, మానిటర్, కీబోర్డు, ఇవన్నీ పాతవైనా మొహమాటం లేకుండా వాడండి. పాడైతే ఎవరి దారి వాళ్లది. ఎస్ఎంపీఎస్ విషయంలో మాత్రం నేను మెత్తబడను. కొత్త బోర్డు, ప్రాసెసర్ కొనడానికి మనసొప్పి, ఎస్ఎంపీఎస్ దగ్గర మాత్రం పాతదే లాగించేవాళ్లను చాలామందిని చూశాను. సిస్టమ్‌లో ప్రతి పార్టుకీ తీగ వెళ్లేది దాన్నుంచే.

ముందు లేబుల్ చదవడం నేర్చుకుందాం. పైన పెద్ద అక్షరాల్లో 450 వాట్లు అని ఉంటుంది. కింద పట్టికలో 12 వోల్టుల గడి వెతకండి. అక్కడ 18 ఆంపియర్లు అని ఉందనుకోండి, 12ని 18తో గుణిస్తే 216 వాట్లు. ఇవాళ్టి సిస్టమ్‌లో ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ తినేది 12 వోల్టుల లైన్ నుంచే కాబట్టి మీ చేతిలో నిజంగా ఉన్నవి ఆ 216 వాట్లే. మంచి ఎస్ఎంపీఎస్‌లో 12 వోల్టుల సామర్థ్యం మొత్తం వాట్లకు దగ్గరగా ఉంటుంది. 80 ప్లస్ ముద్ర కరెంటు ఎంత వృథా అవుతుందో చెబుతుంది, అంతకుమించి అదే నాణ్యతకు హామీ అనుకోకండి. అసలు ఏ ముద్రా లేకుండా తేలిగ్గా, చేతికి బరువే తెలియకుండా ఉన్న ఎస్ఎంపీఎస్‌ని నేను కొత్త బోర్డుకి తగిలించను.

లోపలుండే ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు వాడకంతో, వేడితో ఎండుతూ పోతాయి. వేడి పది డిగ్రీలు పెరిగితే వాటి ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుందన్నది ఇంజనీర్ల మోటు లెక్క. పేరున్న మంచి ఎస్ఎంపీఎస్‌లకు ఏడేళ్లు, పదేళ్లు వారంటీ ఇస్తారు. వారంటీ కాలం ఇంకా ఉంటే కొత్త సిస్టమ్‌లో వాడండి, దాటితే వాడకండి. నేను పాటించేది ఇదే. లోపల ఎలా ఉందో చూద్దామని దాని పెట్టె మాత్రం ఎప్పుడూ విప్పవద్దు. ప్లగ్ తీసేశాక కూడా పెద్ద కెపాసిటర్‌లో ప్రాణాంతకమైన చార్జ్ ఉండొచ్చు.

ఇప్పుడు నా నష్టం చెబుతాను, మీకు జరగకూడదనే. మాడ్యులర్ ఎస్ఎంపీఎస్‌లకు కేబుళ్లు విడిగా ఊడి వస్తాయి. పాతది తీసి కొత్తది పెట్టినప్పుడు, సాటా కేబుళ్లు అప్పటికే క్యాబినెట్ వెనకాల చక్కగా కట్టి ఉన్నాయి కదా అని వాటిని అలాగే ఉంచేసి, ఈ చివర మాత్రం కొత్త ఎస్ఎంపీఎస్‌కి గుచ్చాను. ప్లగ్గు సరిగ్గా సరిపోయింది, టిక్కుమని లాక్ కూడా పడింది. స్విచ్ వేశాను. సన్నని వాసన వచ్చింది. రెండు డిస్కులు మళ్లీ లేవలేదు. ఒకదాంట్లోని ఫైళ్లకు కాపీ ఉంది, రెండోదానికి లేదు. డిస్క్ వైపు ఉండే ప్లగ్గుకి ప్రమాణం ఉంది. ఎస్ఎంపీఎస్ వైపు ఉండేదానికి లేదు. ఒక్కో కంపెనీ, ఒకే కంపెనీలో ఒక్కో మోడల్ పిన్నులను ఒక్కో వరుసలో పెడుతుంది. 5 వోల్టులు వెళ్లాల్సిన తీగలో 12 వెళ్లింది. అందుకే ఎస్ఎంపీఎస్ మారిస్తే దాని కేబుళ్లన్నీ కూడా మార్చాలి. పెట్టెలో దాచేటప్పుడు కూడా ఏ ఎస్ఎంపీఎస్ కేబుళ్లు దానికే కట్టి దాచండి.

క్యాబినెట్‌లో చూసుకోవలసింది కొంచెమే. బోర్డులకు, క్యాబినెట్లకు ప్రమాణమైన ఏటీఎక్స్ కొలతలు 1995 నుంచీ ఉన్నవే కాబట్టి ఇరవై ఏళ్ల నాటి క్యాబినెట్‌లో కూడా ఇవాళ్టి బోర్డు పడుతుంది. పాత పెద్ద బోర్డు తీసి చిన్న మైక్రో ఏటీఎక్స్ పెడుతుంటే, కింద మిగిలిపోయిన, బోర్డుని ఎత్తి నిలబెట్టే ఇత్తడి స్టాండ్‌ఆఫ్‌లు తీసేయండి. ఒక్కటి బోర్డు అడుగున తప్పు చోట తగిలినా షార్ట్ అవుతుంది. స్విచ్ నొక్కితే ఫ్యాన్ అర చుట్టు తిరిగి ఆగిపోతుంటే ముందు అనుమానించాల్సింది దాన్నే. ముందు భాగం మూసుకుపోయి గాలి ఆడని క్యాబినెట్ అయితే వేడెక్కే గ్రాఫిక్స్ కార్డు అందులో పెట్టవద్దు.

గ్రాఫిక్స్ కార్డు

ఆటలు, త్రీడీ పని లేకపోతే ఈ భాగం వదిలేయండి. ప్రాసెసర్‌లోని గ్రాఫిక్సే చాలు. అయితే ఇంటెల్‌లో పేరు చివర ఎఫ్ ఉన్నవాటిలో, ఏఎం4 రైజెన్‌లలో జీ అక్షరం లేనివాటిలో ఆ గ్రాఫిక్స్ ఉండదు. అలాంటిది కొంటే పాత కార్డు ఒకటి ఉండి తీరాలి.

పాత కార్డుని కొత్త బోర్డులో, కొత్త కార్డుని పాత బోర్డులో పెట్టుకోవచ్చు, పీసీఐఈ తరాలు రెండు వైపులా కలుస్తాయి. కొత్త చౌక కార్డులలో కొన్ని పీసీఐఈ లేన్లు (డేటా వెళ్లే దారులు) నాలుగే వాడతాయి. ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీ అలాంటిదే. పీసీఐఈ 3.0 బోర్డులో పెడితే దాని వేగం బాగా పడిపోతుంది. అంటే పాత సిస్టమ్‌కి తక్కువలో దొరుకుతుందని కొనే కార్డు సరిగ్గా పాత సిస్టమ్‌లోనే దెబ్బతింటుంది. స్లాట్ నుంచి వచ్చేది 75 వాట్లే. విడిగా పవర్ ప్లగ్ లేని జీటీఎక్స్ 1650 లాంటివి చిన్న ఎస్ఎంపీఎస్ ఉన్నవాళ్లకు అనువైనవి. పెట్టెలో ఉన్నది జీటీఎక్స్ 900 లేదా 1000 సిరీస్ అయితే, 2025 అక్టోబరు తర్వాత వాటికి కొత్త గేమ్ డ్రైవర్లు ఆగిపోయాయి. భద్రతా అప్‌డేట్లు మాత్రం 2028 అక్టోబరు దాకా ఇస్తామని ఎన్‌విడియా చెప్పింది. పాత ఆటలకు వాడుకోవచ్చు, కొత్తగా కొనడానికి మాత్రం కాదు.

విండోస్ 11 గీత

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు మద్దతు ముగిసింది. అందువల్ల మీ ప్రాసెసర్ ఏ తరందన్నది ఇప్పుడు వేగానికి మించిన ప్రశ్న. విండోస్ 11కి స్థూలంగా ఇంటెల్ ఎనిమిదో తరం, రైజెన్ 2000 సిరీస్ నుంచి పైనవి కావాలి, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కావాలి. టీపీఎం లేదని చూపిస్తే వెంటనే నిరాశ పడకండి. చాలా బోర్డుల్లో అది బయోస్‌లో ఆఫ్ చేసి ఉంటుంది, ఇంటెల్‌లో పీటీటీ అని, ఏఎండీలో ఎఫ్‌టీపీఎం అని వెతికి ఆన్ చేయండి.

ఈ గీతకు పైన ఉన్న సిస్టమ్‌కి ఎస్ఎస్‌డీ, ర్యామ్ ఖర్చు పెట్టడం సబబే. కింద ఉంటే రెండు మార్గాలు. బ్రౌజింగ్, డాక్యుమెంట్ల వరకే అయితే ఒక చిన్న ఎస్ఎస్‌డీ పెట్టి విండోస్ బదులు లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకోండి, నాలుగో తరం ఐ5 మీద కూడా హాయిగా నడుస్తుంది. విండోస్ తప్పనిసరి అయితే ఆ బోర్డు మీద ఇంకేమీ ఖర్చు పెట్టకండి. విండోస్‌ని అడ్డదారిలో ఎక్కించే పద్ధతులున్నాయి కానీ, ఏ అప్‌డేట్‌తో ఏది ఆగుతుందో అన్న టెన్షన్‌తో ఇంట్లోవాళ్లకు సిస్టమ్ ఇవ్వడం నాకు ఇష్టం ఉండదు.

అలాంటివాళ్లు ఆఫీసుల్లో వాడి తీసేసిన కంపెనీ డెస్క్‌టాప్‌లను కూడా పోల్చి చూడాలి. ఎనిమిదో తరం పైనవి, ఎస్ఎస్‌డీతో, లైసెన్స్‌తో దొరికితే మామూలు ఇంటి పనికి కొత్త పార్టులతో కట్టినదానికంటే మేలు. ఒక షరతు: దాన్ని దానిలాగే వాడాలి. వాటిలో చాలావాటికి ఎస్ఎంపీఎస్ ప్లగ్గులు, బోర్డు ఆకారం, ముందు బటన్ల తీగలు అన్నీ ఆ కంపెనీ సొంతవి. రేపు మంచి క్యాబినెట్‌లోకి మారుద్దాం, పెద్ద కార్డు పెడదాం అనుకుంటే అక్కడే ఇరుక్కుపోతారు.

మిగిలిన పార్టులతో రెండో సిస్టమ్ కట్టి, ఇంట్లో అందరి ఫైళ్లు దాచే డబ్బాగా రాత్రింబవళ్లు నడపాలన్న కోరిక చాలామందికి కలుగుతుంది. కట్టే ముందు లెక్క వేయండి. పాత డెస్క్‌టాప్ ఊరికే ఉన్నప్పుడు కూడా చిన్న మినీ పీసీ కంటే 50 వాట్లు ఎక్కువ తింటే ఏడాదికి 438 యూనిట్లు. రోజుకి రెండు గంటలు పిల్లలు వాడుకునే సిస్టమ్‌గా అయితే అదే పాతది బ్రహ్మాండం.

కట్టేటప్పుడు అన్నీ క్యాబినెట్‌లో బిగించి చివర్లో స్విచ్ వేయకండి. బోర్డు వచ్చిన అట్టపెట్టె మీదే బోర్డుని పెట్టి, ప్రాసెసర్, హీట్‌సింక్, ఒక ర్యామ్ స్టిక్, ఎస్ఎంపీఎస్, మానిటర్ ఇవే తగిలించి ఒకసారి బయోస్ దాకా తీసుకురండి. తర్వాత ఒక్కో పాత పార్టు కలుపుతూ పోండి. ఏది కలిపాక తేడా వచ్చిందో అదే దొంగ. పాత బోర్డు ఆన్ చేసిన ప్రతిసారీ తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కి వెళ్తుంటే బోర్డు చెడిపోయిందనుకోకండి, నాణెమంత ఉండే సీఆర్2032 బ్యాటరీ మారిస్తే సరిపోతుంది. డీడీఆర్5తో కట్టిన కొత్త సిస్టమ్ అయితే మొదటిసారి ర్యామ్‌ని సరిచూసుకుంటూ కొన్ని నిమిషాల పాటు తెర నల్లగానే ఉంచుతుంది. ఫ్యాన్లు తిరుగుతుంటాయి, ఏమీ కనబడదు. పది నిమిషాల దాకా స్విచ్ మీద చెయ్యి వేయకుండా కూర్చోండి.